గుట్ట కాలేజీ బావలు, స్టేషన్ కాలేజీ బామ్మర్దులు

మొన్న సోమవారం పొద్దున మా కంపెనీ సామాను స్టోరులో ఒక డబ్బా మీద కూర్చుని చాయ్ తాగుతుంటే ఫోను మోగింది. చూస్తే మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు. మన వయసు వాళ్ళ గ్రూపుల సంగతి మీకు తెలియనిది కాదు. పొద్దుటి దండాలు, పూల బొమ్మలు, మోకాళ్ళ నొప్పులకు చిట్కాలు, ఈమధ్య మరీ ఎక్కువగా ఫలానావాడు పోయాడన్న కబుర్లు. అందుకే దాన్ని నేనెప్పుడూ భయంభయంగానే తెరుస్తాను. ఆ రోజు మాత్రం ఎవరో కాలేజీల ర్యాంకుల పట్టిక పంపారు. బొటనవేలితో కిందికి జరుపుకుంటూ పోతే, అడుగున, దాదాపు తోకలో, మా గుట్ట కాలేజీ పేరు కనపడింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుకు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉంది. ఇక ఆబగా స్టేషన్ కాలేజీ కోసం వెతికాను, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. ఎక్కడా లేదు.

నా ముఖం ఎలా వెలిగిపోయిందో ఏమో, స్టోరులో నాతో పనిచేసే నేపాలీ ఆయన, మనవడు పుట్టాడా అని హిందీలో అడిగాడు. కాదు, నా కాలేజీకి ర్యాంకు వచ్చిందన్నాను. ఆయన మర్యాదగా ముబారక్ చెప్పి, అబ్బాయి చదువుతున్నాడా అందులో అన్నాడు. లేదయ్యా, నేనే, ఎప్పుడో చదివాను అన్నాను. ఆయన పాపం పైపుల లోడు వచ్చిందేమో చూసొస్తానని బయటికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నం వేళ ఇంటికి ఫోను చేసి మా ఆవిడకు చెప్తే, ఆ కాలేజీ అంత గొప్పదైతే నువ్వు దుబాయికి ఎందుకు పోయినట్టు అని అడిగింది. నేనుండేది ఖతర్ అని ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను, ఆవిడకు సముద్రం దాటితే అంతా దుబాయే. ఆ ప్రశ్న అక్కడే వదిలేసి, కూరేం వండావని మాట మార్చాను.

నా సంతోషం అర్థమయ్యే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఖర్మ ఏమిటంటే, అతను స్టేషన్ కాలేజీ వాడు.

ఆ ముచ్చట చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. గోదావరికి కాస్త దూరంలో ఉన్న మా చిన్న పట్టణంలో రెండు డిగ్రీ కాలేజీలుండేవి. బోడిగుట్ట మీద కట్టింది మాది, రైల్వే స్టేషన్ వెనక ఉన్నది వాళ్ళది. రెండింటికీ ఒకటే యూనివర్సిటీ, ఒకటే సిలబసు, ఒకటే పరీక్ష పేపరు, ఫెయిలయ్యేవాళ్ళ సంఖ్య కూడా ఇంచుమించు ఒకటే. అయినా మేం వాళ్ళకంటే గొప్పవాళ్ళమని మాకూ, మాకంటే గొప్పవాళ్ళమని వాళ్ళకూ లోలోపల గట్టి నమ్మకం. ఆ రోజుల్లో కాలేజీలకు ర్యాంకులిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఉన్న ర్యాంకల్లా ఏటా చలికాలంలో జరిగే కాలేజీల వాలీబాల్ ఫైనలే, అందులోకి ఏటా వచ్చేవి కూడా తిప్పితిప్పి మా రెండు కాలేజీలే.

ఫైనల్ గెలిచిన కాలేజీ వాళ్ళు ఆ ఏడాదంతా బావలు, ఓడినవాళ్ళు బామ్మర్దులు. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు, మేం చేరేనాటికే ఉంది. బస్టాండులో గానీ, సినిమా హాలు దగ్గర గానీ, మిర్చీల బండి దగ్గర గానీ ఎదురుపడితే ఓడినవాడు నోరారా బావా అని పలకరించాలి, గెలిచినవాడు ఏం బామ్మర్దీ అని భుజం తట్టాలి. మా వైపు ఒకణ్ణి బామ్మర్దీ అంటే మీ అక్కను నేను చేసుకున్నానని వెక్కిరించినట్టే. కానీ వెక్కిరింతలో కూడా చుట్టరికం ఒకటి ఉంటుంది చూడండి, అందుకే ఉడుక్కునేవాళ్ళు గానీ నొచ్చుకునేవాళ్ళు కారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా కూడా ఆ పిలుపులో ఉండేది కాదు, ఏ కాలేజీ అన్నదొక్కటే లెక్క.

నేను ఆడినవాణ్ణి కాను, అది ముందే చెప్పేస్తున్నాను. బంతి నా వైపు వస్తే రెండు చేతులూ తల మీద పెట్టుకునే రకం. నాది అరుపుల డ్యూటీ. మావాళ్ళు ఒక పాయింటు కొట్టగానే నేను ముందుగా గొంతెత్తి ‘దమ్ముంటే గుట్టెక్కు’ అనేవాణ్ణి, వెనక వంద గొంతులు లేచేవి. స్టేషన్ వాళ్ళు కదా, రైలు బండి పేరుతో వాళ్ళ దగ్గరా దానికి జవాబు తయారుగా ఉండేది. ‘బండొచ్చింది, గుట్ట దిగు’ అని అటు గుంపు విరగబడేది. ఆ అరుపులకు నా గొంతు వారం రోజులు పనిచేసేది కాదు, ఇంట్లో మా నాయన ఆ వారమంతా హాయిగా ఉందనేవాడు.

నా డిగ్రీ చివరి ఏడు ఫైనల్ హైస్కూలు మైదానంలో పెట్టారు. ఆట ఐదో సెట్టుకు వచ్చింది, పొద్దు గుంకుతోంది, స్టేషన్ వాళ్ళు ఇంకొక్క పాయింటు కొడితే అయిపోయినట్టే. వాళ్ళ స్మాషర్ ఎగిరి కొట్టాడు. బంతి మా కోర్టు చివర, నా కాళ్ళ ముందు పడి దుమ్ము రేపుకుంటూ పోయింది. లోపల అని వాళ్ళు, బయట అని మేము. ఊరుకాని ఊరి నుంచి వచ్చిన అంపైరు సారు గీత చూద్దామని గబగబా వచ్చి, వంగి, అక్కడే నిలబడిపోయాడు. గీత లేదు. ఆట రంజు మీదికొచ్చిన కొద్దీ రెండు కాలేజీల వాళ్ళం ముందుకు జరిగి, జరిగి, సున్నంతో గీసిన గీతను మేమే తొక్కి చెరిపేశాం. సగం గీత మా చెప్పులకే అంటుకుని ఉంది. ఆ పాయింటు మళ్ళీ ఆడండయ్యా అని ఆయన బతిమాలాడు, ఎవరు వింటారు? మాటామాటా పెరిగింది, చొక్కాలు చిరిగాయి, ప్రిన్సిపాళ్ళిద్దరూ కూడబలుక్కుని ఆట రద్దన్నారు. మరుసటి ఏడు పోటీలే పెట్టలేదు. ఆ తరవాత ఎప్పుడు పెట్టినా, అప్పటికి మేం లేం. ఎవరు బావ, ఎవరు బామ్మర్ది అన్నది తేలకుండానే మా తరం కాలేజీ దాటేసింది.

నేను ఖతర్‌కు వచ్చిన కొత్తలో టైమ్ కీపరుగా పనిచేసేవాణ్ణి. క్యాంపులో ఒక గదిలో ఎనిమిదిమందిమి, అందరూ మంచివాళ్ళే, కానీ ఒకరి భాష ఒకరికి రాదు. యల్లా అంటే పదమని, మాఫీ అంటే లేదని నేర్చుకుని, ఆ రెండు మాటలతోనే రోజులు వెళ్ళదీసేవాణ్ణి. శుక్రవారం సెలవు. సెలవంటే నాకు భయం. పనిరోజు పని మింగేస్తుంది, సెలవురోజు మనిషిని మింగుతుంది. అట్లాంటి ఒక శుక్రవారం సాయంత్రం క్యాంపుల వెనక ఇసుక మైదానంలో కూలీలు వాలీబాల్ ఆడుతుంటే ఊరికే నిలబడ్డాను. అవతలి జట్టువాడు బలంగా కొట్టాడు, పాయింటు వచ్చింది. అంతలో జనం లోంచి ఒక గొంతు లేచింది. ‘బండొచ్చింది, గుట్ట దిగు!’

అక్కడ గుట్ట లేదు, బండీ లేదు. కనుచూపు మేరంతా ఇసుక. ఆలోచించే లోపలే నా నోరు దాని పని అది చేసేసింది, దమ్ముంటే గుట్టెక్కు అని గొంతు చించుకుని అరిచాను. ఆడుతున్నవాళ్ళు ఆట ఆపి చూశారు. అటు జనాన్ని తోసుకుంటూ నెత్తిన తెల్లటోపీ పెట్టుకున్న నా వయసు మనిషి ఒకతను వచ్చి, నన్ను పైకీ కిందికీ చూసి, పేరూ ఊరూ ఏదీ అడగకుండా, ‘ఆ బంతి లోపల్నే పడ్డది’ అన్నాడు. ‘బయట’ అన్నాను నేను. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చినంత పని చేశాం.

అతనే మా బామ్మర్ది. అతను నన్ను బామ్మర్దీ అంటాడు, నేను అతన్ని బామ్మర్దీ అంటాను, ఏ ఒక్కరూ బావా అన్న పాపాన పోలేదు. ఒక కంపెనీలో మందూబ్‌గా పనిచేసేవాడు, అంటే కంపెనీ తరఫున వీసాల కాగితాలు పట్టుకుని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే పని. అరబ్బీ నేర్చినవాడు, నాతో తెలుగు, నచ్చని మాటేదైనా అంటే ఉర్దూలోకి పోయేవాడు. అతను అల్ హిలాల్ అనే పేటలో ఉండేవాడు, నేను తరవాత ఆ పక్కనే ఉన్న నజ్మాకు మారాను. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే నా గదికొచ్చేవాడు. నేను పప్పుచారు పెట్టేవాణ్ణి, అతను వస్తూ హోటలు నుంచి ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. తినేంతసేపూ ఆ బంతి గొడవే. ఆనాడు గీతకు ఈ కొసన నేను నిలబడితే ఆ కొసన అతనే ఉన్నాడట. దుమ్ము లేచి తన కొత్త ప్యాంటు మీద పడిందట, కాబట్టి లోపల. నా ప్యాంటు మీదా పడింది కదా, కాబట్టి బయట అని నేను. ప్యాంట్ల దుమ్ము సాక్ష్యంగా ఎన్నేళ్ళు కొట్లాడామో చెప్తే నవ్వుతారు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక మైదానానికి పోయేవాళ్ళం. అక్కడ మాకొక పద్ధతి ఉండేది. నేను ఏ జట్టు వైపు నిలబడితే అతను రెండో జట్టు వైపు నిలబడాలి. ఆడేది నేపాలీలు కావచ్చు, మలయాళీలు కావచ్చు, పాకిస్తానీలు కావచ్చు, ఎవరైతేనేం, ఇటున్నది గుట్ట కాలేజీ, అటున్నది స్టేషన్ కాలేజీ. ఒకసారి మా నిజామాబాద్ పిల్లలు ఆడుతుంటే నేను ముందుగా వాళ్ళ వైపు చేరానని, అతను తన సొంత కంపెనీ డ్రైవరు ఆ జట్టులోనే ఆడుతున్నా వదిలి ఎదుటి జట్టుకు అరిచాడు. ఆ డ్రైవరు అతనితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇక్కడ పెద్ద ఫుట్‌బాల్ పోటీలు జరిగిన ఏడు ముఖాలకు రంగులేసుకుని ప్రపంచమంతా వచ్చి వీధుల్లో అరుస్తూ తిరిగింది. మేమిద్దరం ఒక అంగడి ముందు చాయ్ కప్పులు పట్టుకుని చూస్తూ ఉన్నాం. చాలాసేపు చూసి చూసి మా బామ్మర్ది, వీళ్ళ లొల్లి మన లొల్లి ముందట ఎంత అన్నాడు. అతనితో నేను ఏకీభవించిన మాట బహుశా అదొక్కటే.

కాలేజీలకు ర్యాంకులు ప్రకటించడం మొదలయ్యాక మా కొట్లాటకు ఒక దారి దొరికినట్టయింది. ఏ కాలేజీ ముందుగా పట్టికలోకి ఎక్కితే ఆ కాలేజీ వాడే బావ, ఇక ఆ బంతి సంగతి జన్మలో ఎత్తకూడదు. రెండోవాడు తనంతట తానే ఫోను చేసి నోటితో బావా అనాలి, మెసేజీ పెడితే చెల్లదు. ఇది ఖాయం చేసుకుని చేతులు కలిపాం. ఏటా పట్టిక రావడం, ఇద్దరం తలకాయలు ఒకే ఫోను మీదికి వంచి వెతకడం, ఇద్దరి కాలేజీలూ లేకపోవడం. అప్పుడు మా బామ్మర్ది నిట్టూర్చి, మనిద్దరం గీతకు బయటనే పడ్డం పో అనేవాడు. నాకు లోపల్లోపల అదే బాగుండేది. ఎందుకు బాగుండేదో అప్పుడు తెలియలేదు.

రెండేళ్ళ కింద అతని కంపెనీ పని తగ్గించుకుంది. కొడుకులు కూడా ఇక చాలు రమ్మన్నారు. సామాను కట్టడానికి నేనే పోయాను, విమానాశ్రయానికీ నేనే పోయాను. ఇద్దరం ఏదో మాట్లాడాలని, బ్యాగు బరువు గురించీ, అక్కడ దిగాక ఎవరొస్తారన్న దాని గురించీ మాట్లాడుకున్నాం. లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి, ‘లోపల్నే పడ్డది, గుర్తుంచుకో’ అన్నాడు. బయట అన్నట్టు చెయ్యి ఊపాను. ఆ తరవాత మొదట్లో ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. తరవాత పండుగలకు. ఆ తరవాత నేను చేస్తేనే. తప్పు పట్టడానికి లేదు, ఇంటికి చేరినవాడికి శుక్రవారం కూడా అన్ని రోజుల్లాంటి రోజే.

అందుకే సోమవారం పట్టిక చూడగానే నా చెయ్యి అతని నెంబరు మీదికి పోయి, అక్కడే ఆగింది. నేను చేయకూడదు, చేయాల్సింది అతను. ఓడినవాడే చేయాలని కదా ఒప్పందం. మంగళవారం ఫోను జేబులో కాకుండా చేతిలోనే పట్టుకు తిరిగాను. బుధవారం వెస్ట్ బే సైటుకు సామాను దింపించడానికి పోయినప్పుడు ఆ అద్దాల మేడల మధ్య ఎక్కడో ఫోను మోగితే గబుక్కున తీశాను, సిమ్ము కంపెనీ వాళ్ళు. గురువారానికి నాకు కోపం వచ్చింది. ఓడిపోయి దాక్కున్నాడు దొంగవెధవ అనుకున్నాను. స్టేషన్ వాళ్ళు ఎప్పుడూ ఇంతే, ఓటమి ఒప్పుకోవడం వాళ్ళ రక్తంలో లేదు అని ఒక్కణ్ణే గొణుక్కుంటూ అన్నం వండుకున్నాను. చెప్పొద్దూ, ఆ కోపంలో ఎన్నాళ్ళ తరవాతో నా ప్రాణం లేచొచ్చినట్టయింది.

శుక్రవారం అక్కడ నమాజు అయి ఇల్లు చేరి ఉంటాడన్న వేళ చూసుకుని, ఇక ఉండబట్టలేక నేనే చేశాను. ఎత్తాడు. వెనకాల చిన్నపిల్ల ఏడుస్తోంది, మిక్సీ తిరుగుతోంది, ఎవరో ఎవరినో గేటు వేయమంటున్నారు. పట్టిక చూశావా అన్నాను, గొంతు వీలైనంత బింకంగా పెట్టి.

‘చూసిన. మొన్ననే పిలగాండ్లు చూపెట్టిండ్రు. మీదొచ్చింది, మాది రాలే. నువ్వే గెలిచినవు తియ్. ఇంతకు బీపీ గోళీలు ఏసుకుంటున్నవా లేదా?’

నేను దేనికి సిద్ధపడి ఉన్నానో మీకు చెప్పాలి. ఆ ర్యాంకులన్నీ దొంగవని అంటాడనుకున్నాను. గుట్ట కాలేజీ వాళ్ళు ఎవరినో పట్టుకుని ఎక్కించుకున్నారంటాడనుకున్నాను. ఉర్దూలోకి పోతాడనుకున్నాను. వాటన్నిటికీ నాలుగు రోజులుగా జవాబులు కూర్చి పెట్టుకున్నాను, ఒక్కటీ అక్కరకు రాలేదు. అతను నా గోళీల గురించి, మా ఆవిడ మోకాళ్ళ గురించి అడిగాడు. హైస్కూలు మైదానం ఇప్పుడు లేదని, సగం దుకాణాలయ్యాయని, మిగతా సగంలో ఫంక్షన్ హాలుకొచ్చే కార్లు నిలబెడుతున్నారని చెప్పాడు. ‘ఇప్పుడెవ్వడాడుతున్నడు బావా’ అన్నాడు.

అదీ ఆ మాట. ఇన్నేళ్ళుగా అతని నోటి నుంచి వినాలని కాచుకున్న మాట, కార్ల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ చివరన జారిపడింది. అన్నానని అతనికి కూడా తెలియదు.

ఏదో ఒకటి అనాలి, ఎలాగైనా అతన్ని మళ్ళీ రేపాలి అనిపించి, ఇక ఆ మాట ఎత్తకూడదన్న ఒప్పందాన్ని నేనే తప్పి, ఏదేమైనా ఆ బంతి మాత్రం బయటే పడింది అన్నాను. అతను ఏడుస్తున్న మనవరాలిని ఊరుకోబెడుతూ నవ్వాడు.

‘అయ్యుంటదిలే’ అన్నాడు.

అయ్యుంటదిలే! అతను కోపంతో ఫోను పెట్టేసినా నేను ఇంత బాధపడేవాణ్ణి కాను. ఆరోగ్యం జాగ్రత్త అని, రంజానుకు అటు వస్తే ఇంటికి రమ్మని, పాప ఆగడం లేదని చెప్పి పెట్టేశాడు. నేను మంచం మీద కూర్చుండిపోయాను. గదిలో మిగతావాళ్ళు బయటికి పోయారు. మన తరంలో ఇట్లాంటి మనిషి మీకూ ఒకరు ఉండే ఉంటారు, ఉంటే నేను చెప్పేది అర్థమవుతుంది. స్నేహితులు చాలామంది దొరుకుతారు. నేను ఎవణ్ణో, ఏ గుట్ట మీద చదివానో, ఇరవై ఏళ్ళ వయసులో ఎంత పొగరుగా ఉండేవాణ్ణో గుర్తుంచుకుని నాతో పంతానికి దిగేవాడు ఒక్కడే ఉండేవాడు. అతను మనవరాలిని ఎత్తుకుని సుఖంగా ఉన్నాడు, ఉండాలి కూడా. ఆ ఆట అతనికి ఎప్పుడో ముగిసిపోయింది. దాన్ని ఇంకా ఆడుతున్నది నేనొక్కణ్ణే అని ఇంతకాలం నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కాళ్ళు వాటంతట అవే మైదానం దారి పట్టాయి. పాత క్యాంపులు చాలావరకు లేవు, మైదానం కూడా ముందున్నంత లేదు, అయినా వల కట్టి ఎవరో ఆడుతున్నారు. అందరూ కొత్తవాళ్ళే. గీతలు కూడా సున్నంతో కాదు, కోర్టు చుట్టూ పసుపు రంగు పట్టీ లాగి కట్టారు, ఎంతమంది తొక్కినా చెరగదు. బంతి ఎక్కడ పడిందో అందరికీ తెలుస్తుంది, వాదన ఉండదు. మంచిదేలే, రేపు వీళ్ళు ముసలివాళ్ళయ్యాక దేని గురించి కొట్లాడుకుంటారో మరి.

నేను ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాను. అరవబుద్ధి కాలేదు. కాసేపటికి జనం వెనక నుంచి చుట్టూ నడిచి అవతలి వైపుకు, అతను ఎప్పుడూ నిలబడే చోటుకు పోయాను. అక్కడ నిలబడి ఆట చూడటం నాకు అదే మొదటిసారి. ఈ వైపు వాళ్ళు బలంగా ఒకటి కొట్టారు, బంతి పట్టీకి ఇవతలే పడింది, లోపలే. ‘బండొచ్చింది, గుట్ట దిగు!’ అని అరిచాను. ఆడేవాళ్ళు ఒకసారి నా వంక చూసి నవ్వి మళ్ళీ ఆటలో పడ్డారు. నేను మాత్రం చాలాసేపు అవతలికి చూస్తూ నిలబడ్డాను. దానికి జవాబు చెప్పాల్సిన గుట్ట కాలేజీ వాడు అక్కడ లేడు, ఇక్కడ ఉన్నాడు.